డెబ్బయ్యేళ్లకీ ‘ఒరే’ అని పిలిచే నేస్తం

గిడుగు వెంకట రామమూర్తి పుట్టింది 1863లో. కొండజాతివాళ్లయిన సవరల భాషకు ఆయన రాసిన వ్యాకరణం అచ్చయింది 1931లో, అంటే దాదాపు అరవై ఎనిమిదో ఏట. అక్కడితో ఆగలేదు. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో, డెబ్బై అయిదు నిండబోతుండగా వచ్చింది. ఈ రెంటి మధ్యలో, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అటు వెళ్లిపోయింది. పదిహేడేళ్ల కుర్రాడిగా బడిపంతులు ఉద్యోగానికి వచ్చి అర్ధశతాబ్దానికి పైగా బతికిన ఊరిని వదిలి ఆయన రాజమండ్రి చేరారు. చెవులు అంతకు చాలా ఏళ్ల ముందే దెబ్బతిన్నాయి. సవరల కోసం కొండల్లో తిరుగుతుంటే మలేరియా సోకింది, దానికి వాడిన క్వినైను వినికిడిని తినేసింది. సవర భాషలో గొంతులో చటుక్కున ఆగి పలికే ధ్వనులున్నాయి. అలాంటి భాషకు, వినికిడి పోయిన మనిషి మాట మాటా ఏరి నిఘంటువు కట్టారు.

పట్టుదల అనేసి ఊరుకోవచ్చు. కానీ పట్టుదల గలవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు, అరవై దాటాక కొత్త పని నెత్తికెత్తుకునేవాళ్లు అరుదు. అనుభవం పెరిగేకొద్దీ మనిషి తనకు వచ్చిన పనే మళ్లీ మళ్లీ చేస్తాడు, రానిదాని జోలికి పోడు. కళాకారుడు ముసలివాడయ్యేది సరిగ్గా అక్కడే, జుట్టు నెరవడానికీ దానికీ సంబంధం లేదు. రానిదాన్ని నేర్చుకోవాలన్న ఉబలాటం ఎవరిలో ఎందుకు నిలుస్తుందో చూస్తే, చాలా చోట్ల వెనకాల ఒక చిన్ననాటి స్నేహం కనిపిస్తుంది. ఒడిశా సరిహద్దు తెలుగువాళ్ల విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ స్నేహం మీద పడిన బరువు ఎక్కువ.

గిడుగుకు విజయనగరంలో ఒకే బడిలో చదువుకున్న సహాధ్యాయి గురజాడ అప్పారావు. చదువులయ్యాక ఒకరు విజయనగరం సంస్థానంలో ఉండిపోయారు, ఒకరు పర్లాకిమిడి వెళ్లారు. గురజాడ వాడుక మాటల నాటకం కన్యాశుల్కం 1892లో రంగస్థలం ఎక్కింది, 1897లో అచ్చయింది. గిడుగు వాడుక భాష తరఫున బరిలోకి దిగింది మాత్రం 1907 ప్రాంతంలో. బడుల పర్యవేక్షకుడు యేట్స్ దొర జనం మాట్లాడే తెలుగుకీ పుస్తకాల తెలుగుకీ ఇంత తేడా ఎందుకని అడిగాక ఆ మథనం మొదలైంది. ఈ వరస గమనించదగ్గది. మొదటి నేస్తం ఊహ చేసి చూపించాడు. మధురవాణి, గిరీశం, అగ్నిహోత్రావధాన్లు ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడించాడు. అది ఎందుకు సబబో తర్కంతో, శాసనాల సాక్ష్యంతో, వ్యాకరణంతో రెండో నేస్తం వాదించాడు. ఒకరి దగ్గర నాటకం, ఒకరి దగ్గర శాస్త్రం. రెండూ ఒకే మనిషిలో ఉండి ఉంటే ఆ ఉద్యమం ఇంత బలంగా నడిచేదని చెప్పలేం.

గురజాడ 1915 నవంబరు 30న, యాభై మూడేళ్లకే వెళ్లిపోయారు. స్నేహం ఆయుష్షు పెంచుతుందని నమ్మేవాళ్లకు ఈ ఒక్క తేదీ చాలు, ఆ మాట నిలవదని చెప్పడానికి. అయితే ఆయన చివరి పదేళ్లలో చేసిన పని చూడండి. నాటకాన్ని పూర్తిగా తిరగరాసి 1909లో కొత్త రూపంలో ఇచ్చారు, ముత్యాల సరాలనే కొత్త నడక కట్టారు, ఆధునిక కథానిక రాశారు, 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గ్రాంథిక పక్షాన్ని కాదంటూ అసమ్మతి పత్రం ఇచ్చారు. ఒంట్లో బాగోలేని మనిషి చేసిన పనులివి. ఇక మిగిలిన గిడుగు దాదాపు మరో పాతికేళ్లు బతికారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక పెట్టి, నేస్తం లేని వేదికల మీద అదే వాదన వినిపించారు. మొదలుపెట్టినప్పుడు పక్కన ఉన్నవాడు పోయాక ఆ పని వదలకపోవడం కూడా స్నేహంలో భాగమే. శోకాన్ని తట్టుకోవడానికి చాలామంది కళాకారులు ఎంచుకున్న దారి కూడా ఇదే.

ఊహకూ జ్ఞాపకానికీ ఉన్న సంబంధం తెలిస్తే స్నేహం సంగతి ఇంకొంచెం అర్థమవుతుంది. లండన్‌లో డెమిస్ హస్సాబిస్, ఎలినార్ మెగ్వైర్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం దెబ్బతిని జ్ఞాపకశక్తి పోయినవాళ్లను, ఎప్పుడూ చూడని ఒక దృశ్యాన్ని ఊహించి వర్ణించమన్నారు. తెల్లటి ఇసుక ఉన్న సముద్రపు ఒడ్డున పడుకుని ఉన్నట్టు అనుకోండి, చుట్టూ ఏముందో చెప్పండి, అన్న తరహా ప్రశ్నలు. ఎక్కువమంది వల్ల కాలేదు. ఆకాశం, ఇసుక, అలల చప్పుడు అంటూ ముక్కలు ముక్కలుగా చెప్పారు గాని వాటిని కలిపి ఒక చోటుగా నిలబెట్టలేకపోయారు. గతాన్ని గుర్తుచేసుకునే యంత్రాంగమే లేనిదాన్ని ఊహించడానికీ పనికొస్తుందన్నమాట. కళాకారుడి ఊహ శూన్యంలోంచి రాదు. చిన్నప్పటి వీధి, ఎవరిదో నడక, ఒక ఎండాకాలపు వాసన విడిపోయి మళ్లీ వేరే వరసలో కలిస్తే కొత్తది పుడుతుంది.

వయసు మీదపడేకొద్దీ ఆ సామగ్రి చేజారుతుంది. ఇక్కడే పాత నేస్తం అక్కరకొస్తాడు. కలిసి బతికేవాళ్లు జ్ఞాపకాలను పంచుకుని మోస్తారని, ఎవరికేది గుర్తుంటుందో తెలిసి ఉండడమే ఒక ఉమ్మడి జ్ఞాపకమని మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ 1980ల్లో వివరించారు. ఆయన ప్రధానంగా భార్యాభర్తల గురించి చెప్పినా, చిన్ననాటి స్నేహితులకు అది ఇంకా బాగా వర్తిస్తుంది. పెళ్లికి ముందరి ఇరవై ఏళ్లకు సాక్షి ఆ నేస్తమే కదా. “రథయాత్రనాడు నువ్వు తప్పిపోయావు, గుర్తుందా?” అని ఒకరంటే, “తప్పిపోయింది నేను కాదురా, నువ్వే” అని రెండోవాడు అంటాడు. ఆ తగవులోంచి ఇద్దరికీ తెలియని మూడో కథ బయటికొస్తుంది. కథకులందరికీ అనుభవమున్న సంగతే ఇది. అచ్చు తప్పుల్లేని జ్ఞాపకం కన్నా వాదులాడుకున్న జ్ఞాపకమే కథకు ఎక్కువ పనికొస్తుంది.

హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1938లో మొదలుపెట్టి దశాబ్దాలుగా నడుపుతున్న జీవిత పరిశీలన కూడా, ఆప్తులతో సంబంధాలు బాగున్నవాళ్లు ముసలితనంలో ఒంట్లోనూ మనసులోనూ మెరుగ్గా ఉన్నారని తేల్చింది. కళాకారుల విషయంలో ఆ ఒక్క మాట సరిపోదు. ఆరోగ్యంగా ఉండి, కొత్తగా ఒక్క పాదం రాయనివాళ్లు కోకొల్లలు.

మళ్లీ సరిహద్దు దగ్గరికి వద్దాం. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ఊళ్లలో తెలుగు ఇంటి భాష, బజారు భాష. బడి భాష ఒడియా, ఉద్యోగానికి ఒడియా, ఇంగ్లీషు. ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఊళ్లివి. గంజాం, కోరాపుట్ ప్రాంతాలు అటు వెళ్లాక తెలుగు బడులు క్రమంగా తగ్గాయి. ఇచ్ఛాపురం దాటి గంట కూడా ప్రయాణించకుండానే బరంపురం వస్తుంది, కానీ హైదరాబాదులో గాని విజయవాడలో గాని అచ్చయ్యే పత్రికకు ఆ గంట దూరం చాలా ఎక్కువ. అక్కడ తెలుగులో కథ రాసే మనిషికి సంపాదకుడు దొరకడం కష్టం, సభలు తక్కువ, తెలుగు పుస్తకాల షాపు అరుదు, అవార్డు జాబితాలో పేరు వెతికేవాళ్లూ అరుదే. ఉన్నది ఎవరయ్యా అంటే ఎదురింటి అరుగు మీదో టీ దుకాణం బెంచీ మీదో కూచుని వినే ఒకరిద్దరు నేస్తాలు. మొదటి పాఠకుడు వాడే, ఆఖరి పాఠకుడూ చాలాసార్లు వాడే. తక్కిన తెలుగునేల మీద సంస్థలు చేసే పని అక్కడ స్నేహం చేస్తోంది. అందుకే అక్కడి కళాకారుడికి స్నేహితుడు పోవడమంటే ఒక మనిషి పోవడమే కాదు, పత్రిక మూతపడడం, సభ రద్దవడం, గ్రంథాలయానికి తాళం పడడం.

ఇంకో సంగతి. పేరు వచ్చిన కళాకారుడి చుట్టూ ‘గురువుగారూ’ అనేవాళ్లు చేరతారు. వాళ్లెవరూ చరణం బాగోలేదని చెప్పరు. “ఒరే, ఇది పోయినేడు రాసిందే కదరా, మాటలు మార్చి తెచ్చావు” అని మొహాన చెప్పగలిగేది, నిక్కర్లేసుకున్న రోజుల నుంచీ ఎరిగినవాడే. ఆ మాట పడ్డప్పుడు డెబ్బయ్యేళ్ల మనిషి ఒక్క క్షణం పదేళ్ల గుంటడైపోతాడు. ఉడుక్కుంటాడు, వాదిస్తాడు, మర్నాడు కొత్తది పట్టుకొస్తాడు. కళాకారుణ్ణి నిజంగా పడుచుగా ఉంచేది ఈ ఉడుకుమోత్తనమే. పొగడ్తకు ఆ శక్తి లేదు.

ఒడిశాలో స్నేహానికి దేవుడి సాక్ష్యం పెట్టే ఆచారాలున్నాయి. పూరీ జగన్నాథుడి మహాప్రసాదం ఒకరికొకరు తినిపించుకుని స్నేహం కట్టుకున్నవాళ్లు ఆ తర్వాత పేర్లతో పిలుచుకోరు, ‘మహాప్రసాద్’ అనే పిలుచుకుంటారు. పశ్చిమ ఒడిశాలో మకర సంక్రాంతినాడు ఇలాగే నేస్తం కట్టి ఒకరినొకరు ‘మకర’ అంటారు. రక్తసంబంధం లేని ఇద్దరిని సమాజం ఎదుట బంధువులుగా నిలబెట్టే ఏర్పాటిది. కులాన్నీ, కొన్నిచోట్ల భాషనూ కూడా దాటుతుంది. కళకు ఇలాంటి ఏర్పాటు మేలు చేస్తుంది. నాటక బృందం గాని మేళం గాని కులం లోపలే కుదురుకుంటే కొన్నాళ్లకు ఊపిరాడదు, కొత్త గొంతు రావాలంటే ఆ గోడ ఎక్కడో ఒకచోట దాటాలి.

కలిసి బతకడం ఊహను ఎలా నిలబెడుతుందో చూడాలంటే గంజాం ప్రహ్లాద నాటకం దగ్గర కాసేపు ఆగాలి. జలంతర సంస్థానాధీశుల ఆదరణలో రూపు దిద్దుకున్న ఈ నాటకంలో ఒడియా పాటకు పక్కనే దక్షిణాది యక్షగానం పోకడలు కనిపిస్తాయి. ఆ జలంతరకోట ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది, నాటకం ఆడేది ఎక్కువగా గంజాంలో. గీత ఇటు పడింది, కళ అటు మిగిలింది. రంగస్థలం మీద మెట్లు మెట్లుగా కట్టిన ఎత్తైన అమరిక, పైన హిరణ్యకశిపుడి సింహాసనం. కింద గాహకుడు. నాటకం పగ్గాలన్నీ ఈ గాహకుడి చేతిలోనే. పాట ఎత్తుకునేదీ, కథ నడిపేదీ, నటుణ్ణి ఆపేదీ వదిలేదీ ఆయనే. హిరణ్యకశిపుడు ఆ మెట్ల మీద ఎక్కుతూ దిగుతూ ఆడుతుంటే, ఏ మెట్టు దగ్గర ఊపిరి అందడం లేదో కనిపెట్టి గాహకుడు పల్లవిని మరోసారి తిప్పుతాడు. చూసేవాళ్లకది రాగవిస్తారం. నటుడికి మాత్రం నాలుగు క్షణాల విశ్రాంతి. రాత్రంతా సాగే ఆటలో ఈ సర్దుబాటు ఏ పుస్తకంలోనూ ఉండదు. ఏళ్ల తరబడి కలిసి ఆడినవాళ్ల మధ్యే కుదురుతుంది. వయసు మళ్లిన నటుడు పడుచువాడిలా గర్జించగలుగుతున్నాడంటే అందులో సగం గాహకుడి దయ.

బరంపురం బుఢీ ఠాకురాణి జాతర మరో రకం. రెండేళ్లకోసారి, చైత్రమాసపు రోజుల్లో, దాదాపు నెల్లాళ్లు సాగుతుంది. పట్టుచీరలు నేసే డేరా కులస్తుల పెద్ద, దేశి బెహెరా అంటారు ఆయన్ని. అమ్మవారు ఆ ఇంటి ఆడపడుచు. జాతరంటే ఆవిడ పుట్టింటికి రావడం. నేతగాళ్ల పూర్వీకులు గోదావరి తీరం నుంచి వచ్చారని చెప్పుకుంటారు, వాళ్ల ఇళ్లలో తెలుగు ఇప్పటికీ వినిపిస్తుంది. ఈ జాతరలో మొక్కున్నవాళ్లు వేషాలు కడతారు. దేవుళ్లు, రాక్షసులు, అన్నిటికన్నా ముందు పులి. ఒంటి నిండా పసుపు రంగు పూసి, దాని మీద నల్లచారలు తీరుగా దిద్దడానికి గంటలు పడుతుంది. ఆ రంగు ఎవరికి వారు పూసుకోలేరు. వీపు మీద చారలు దిద్దేది పక్క మనిషే. మిగతా రోజుల్లో దుకాణం లెక్కలు చూసుకునే మనిషి, తాతయిన మనిషి, ఆ రోజుల్లో డప్పుల వరసకు పులై దూకుతాడు. నవ్వేవాళ్లెవరూ ఉండరు, ఎందుకంటే వీధి మొత్తం ఆ ఆటలో ఉంది. పెద్దయ్యాక ఆడుకోవడానికి సమాజం అనుమతి ఇవ్వాలి. ఒంటరిగా ఊహించుకునేవాణ్ణి పిచ్చివాడంటారు, పదిమందితో కలిసి ఊహించుకుంటే జాతర అంటారు. కళాకారుడికి ఆ పదిమందిలో కనీసం ఒకడు ఏడాది పొడవునా దొరకాలి.

అలా దొరికిన జంటల్లో తెలుగువాళ్లందరూ ఎరిగినది బాపు, రమణలది. మద్రాసులో బడి రోజుల్లో మొదలైన స్నేహం, పెద్దయ్యాక రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో ఉండేదాకా సాగింది. ముళ్లపూడి వెంకటరమణ పాతికేళ్ల వయసులో, 1956లో, అల్లరి పిల్లాడు బుడుగును మాటల్లో పుట్టిస్తే బాపు గీతల్లో పుట్టించారు. ఇద్దరు పెద్దవాళ్లు కూచుని, చిన్నపిల్లాడి కళ్లతో పెద్దల లోకాన్ని చూశారు. ఆ చూపు వాళ్లను ముసలితనంలోనూ వదల్లేదు. రమణ 2011 ఫిబ్రవరి 24న పోయారు. ఆయన రాసిన శ్రీరామరాజ్యం ఆ నవంబరులో విడుదలైంది, తీసిన బాపుకు అప్పటికి డెబ్బై ఎనిమిది దగ్గరపడ్డాయి. 2014లో బాపు కూడా వెళ్లిపోయారు.

జయపురం మహారాజు విక్రమదేవ వర్మది ఇంకో దారి. 1869లో పుట్టిన ఆయన గద్దెనెక్కింది 1931లో, అరవై దాటాక. అంతవరకూ విశాఖపట్నంలో కవులు, పండితులతో గడిపిన మనిషి. తెలుగులోనూ ఒడియాలోనూ రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. రాజుకు సమానులైన స్నేహితులు దొరకడం కష్టం, కవికి దొరుకుతారు. ఆయన తనను కవిగానే ఎక్కువ నిలుపుకున్నారనిపిస్తుంది.

ఆడవాళ్ల సంగతికి వస్తే ఈ వాదన కొంత తడబడుతుంది, తడబడాలి కూడా. ఇప్పటిదాకా చెప్పిన జంటలన్నీ మగవాళ్లవే. ఆడపిల్లల స్నేహాలకు లోతు లేక కాదు. పెళ్లితో ఒకరు ఇచ్ఛాపురం, ఒకరు విశాఖ, ఒకరు కటకం వెళ్లిపోతారు. కలిసి పాడుకున్న గొబ్బి పాటలు, అట్లతద్ది పాటలు, ముగ్గుల్లో పెట్టుకున్న పోటీలు అక్కడికి ఆగిపోతాయి. మగవాడి ఊహకు అరవై ఏళ్లు తోడున్న నేస్తం, ఆడమనిషికి ఇరవై ఏళ్లకే దూరమవుతుంది. సరిహద్దు తెలుగు కళాకారుల జాబితాలో స్త్రీల పేర్లు తక్కువగా కనిపించడానికి చదువు, తీరిక లేకపోవడం ఎంత కారణమో ఇదీ అంతే కారణం. ఇప్పుడు ఫోనులో ఆ దారులు మళ్లీ తెరుచుకుంటున్నాయి. యాభై దాటిన అక్కాచెల్లెళ్లు, నేస్తురాళ్లు వాట్సాప్‌లో పాత పాటలు పాడి పంపుకుంటున్నారు, మరిచిపోయిన చరణం ఎవరో ఒకరు అందిస్తున్నారు. దీన్ని కాలక్షేపం కింద కొట్టిపారేయకూడదు. వెగ్నర్ చెప్పిన ఉమ్మడి జ్ఞాపకం మళ్లీ పనిలో పడడమే అది.

స్నేహమే కళను చెడగొట్టే సందర్భాలూ ఉన్నాయి. నలుగురు ముసలివాళ్లు చేరి ‘మా రోజుల్లో’ అనే మాట దగ్గరే ఆగిపోతే, అక్కడ జ్ఞాపకం ఉంటుంది గాని ఊహ ఉండదు. ఒకరి పద్యాన్ని ఒకరు మెచ్చుకోవడమే పనైపోతే ఆ గుంపు కొత్తవాణ్ణి రానివ్వదు. ఆ బెంచీ మీదికి ఎవరైనా కొత్త కాగితం తెస్తున్నారా లేదా అన్నదాన్ని బట్టే తేడా తెలుస్తుంది. గిడుగు తన స్నేహాన్ని తన ఈడువాళ్లకే పరిమితం చేసుకోలేదు. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయన దగ్గర పిల్లాడిలా భాష నేర్చుకున్నారు. కొడుకు సీతాపతిని పనిలో జత చేసుకున్నారు. పంతులుగారికి పాఠం చెప్పిన ఆ సవర మనిషికి చరిత్రలో రావలసినంత చోటు రాలేదు.

సరిహద్దు ఊళ్లలో ఇప్పుడు కావలసింది అలాంటి స్నేహమే. అక్కడి తెలుగు పిల్లలు చాలామందికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. తాత పాడిన పాటను మనవరాలు రాసుకోవాలంటే ఒడియా లిపిలో రాసుకుంటుంది, లేదంటే ఇంగ్లీషు అక్షరాల్లో ఫోనులో కొడుతుంది. దాన్ని చూసి చిన్నబోయే పెద్దలున్నారు. చిన్నబోకుండా ఆ ఒడియా అక్షరాలు తానూ కూడబలుక్కుని, “ఇక్కడ దీర్ఘం పెట్టాలమ్మా” అని సరిదిద్దే పెద్దకు కొత్త నేస్తం దొరికినట్టే. పాట రెండు లిపుల్లోనూ పక్కపక్కన రాసి పెట్టడం, ఫోనులో గొంతు రికార్డు చేసి తేదీ, ఊరు, పాడినవాళ్ల పేరు దానికి తగిలించడం, పాడే ఇద్దరు నేస్తాలనూ విడివిడిగా కాకుండా ఎదురెదురుగా కూచోబెట్టి వాళ్ల వాదులాటతో సహా రికార్డు చేయడం ఏ సంస్థా రాకపోయినా బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఒక ఇంటివాళ్లు మొదలుపెట్టగల పనులు. ఒకరు మరిచిన చరణం రెండోవారు అందుకుంటుంటే, మనవరాలు ఏ అక్షరాల్లో రాసుకున్నా సరే, ఆ పాట పూర్తిగా దొరుకుతుంది.